కాకిలెక్కల్లో విమాన దూరం

సిడ్నీ నుంచి జొహానెస్‌బర్గ్‌కి విమానంలో ఎంతసేపు పడుతుందో దూరాలు లెక్కగట్టే సాధనాన్ని అడిగితే ఇలాంటి జవాబు వస్తుంది: దూరం సుమారు 11,040 కి.మీ., ప్రయాణం 12 గంటల 46 నిమిషాలు. నిమిషాలతో సహా చెప్పేసరికి నమ్మబుద్ధేస్తుంది. కానీ ఆ దారిలో సిడ్నీ నుంచి బయల్దేరే విమానానికి దాదాపు 14 గంటలు పడుతుంది. అటు నుంచి వచ్చేది 12 గంటల్లోపే చేరిపోతుంది. అంటే ఆ అంకె వెళ్లేవాళ్లకీ పనికిరాదు, వచ్చేవాళ్లకీ పనికిరాదు. కాకిలెక్కకి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

దూరపు విమానాశ్రయాల మధ్య దూరాన్ని కిలోమీటర్లలో చెప్పడం కచ్చితమైన పనే, కానీ ప్రయాణికుడికి పెద్దగా అక్కరకు రాని పని. చెప్పాల్సింది సమయం. అదీ ఒక్క అంకె కాదు. పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి. రెండూ నెలను బట్టి అటూ ఇటూ కదిలేవే. ఇది చాదస్తంలా కనిపించవచ్చు. చాదస్తం కాదని ఎందుకు అనుకుంటున్నానో, ఎక్కడ నాకే అనుమానం ఉందో రెండూ చెబుతాను.

ఆ అంకె ఎలా పుడుతుంది

ముందుగా రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు తీసుకుంటారు. ప్రతి విమానాశ్రయానికీ ప్రకటించిన ఒక గుర్తు బిందువు ఉంటుంది, సాధారణంగా రన్‌వేల నడుమ ఎక్కడో. ఆ రెండు బిందువుల మధ్య గోళం మీద గీయగల అతి చిన్న చాపం పొడవే గ్రేట్ సర్కిల్ దూరం. భూమి వ్యాసార్థం 6,371 కి.మీ. అనుకుని చేసే లెక్క ఇది. నిజానికి భూమి భూమధ్యరేఖ దగ్గర 6,378, ధ్రువాల దగ్గర 6,357. గోళం అనుకోవడం వల్ల వచ్చే తప్పు మహా అయితే అర శాతం. 11,000 కి.మీ. మీద 55 కి.మీ., అంటే నాలుగు నిమిషాల లోపు. ఏ సూత్రం ఎక్కువ కచ్చితమని వాదించుకునేవాళ్లు ఈ నాలుగు నిమిషాల కోసమే కొట్టుకుంటున్నారు. ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్‌లో పోల్డర్‌బాన్ రన్‌వే మీద దిగితే గేటు చేరడానికే పావుగంట దాకా పోతుంది. అది ఏ సూత్రంలోనూ ఉండదు.

అసలు తప్పు రెండో మెట్టులో ఉంది. విమానం గంటకు 900 కి.మీ. పోతుందనుకుని వచ్చిన దూరాన్ని 900తో భాగించి, గాల్లో పైకెక్కడానికీ కిందికి దిగడానికీ కలిపి ఒక అరగంట చేర్చేస్తారు. 11,040ని 900తో భాగిస్తే 12 గంటల 16 నిమిషాలు, అరగంట కలిపితే 12:46. అంతే.

900 అనే అంకె గాల్లోంచి ఊడిపడలేదు. 36,000 అడుగుల పైన ప్రామాణిక ఉష్ణోగ్రత మైనస్ 56.5 డిగ్రీలు, అక్కడ ధ్వని వేగం గంటకు 1,062 కి.మీ. 787, ఏ350 లాంటి పెద్ద విమానాలు మాక్ 0.85 దగ్గర, అంటే ధ్వని వేగంలో 85 శాతం దగ్గర ఎగురుతాయి, అది 903. కానీ ఏ320, 737 లాంటి చిన్న రకాలు మాక్ 0.78 దగ్గర ఉంటాయి, అంటే 828. మూడు వేల కిలోమీటర్ల ప్రయాణంలో ఈ తేడా ఒక్కటే 18 నిమిషాలు. పైగా పైలట్ పట్టుకుని ఉండేది మాక్ అంకెని. గాలి మైనస్ 65కి చల్లబడితే అదే 0.85 అంటే 885 మాత్రమే.

మైళ్లలో చూసేవాళ్లకి ఇంకో గుంట ఉంది. 11,040 కి.మీ. అంటే 6,860 సాధారణ మైళ్లు, కానీ 5,961 నాటికల్ మైళ్లు. విమానయానంలో వాడేది రెండోది, ఒక్కోటి సరిగ్గా 1,852 మీటర్లు. 5,961ని మామూలు మైళ్లనుకుని కిలోమీటర్లలోకి మారిస్తే 9,593 వస్తుంది. దాదాపు 1,450 కి.మీ., గంటన్నర పైచిలుకు ప్రయాణం మాయమైపోతుంది. దూరం పక్కన ఏ మైలో రాయని చోట ఆ అంకెని ముట్టుకోకపోవడం మేలు.

ఇక ఆ అరగంట. 35,000 అడుగుల నుంచి దిగడం గమ్యానికి సుమారు 200 కి.మీ. ముందే మొదలవుతుంది. 10,000 అడుగుల కింద సాధారణంగా 250 నాట్లు, అంటే గంటకు 463 కి.మీ. దాటకూడదు. ఎక్కేటప్పుడూ అంతే. ఈ నిదానానికి అరగంట సరిపోతుంది. కానీ గేటు వదిలి రన్‌వే చేరడం, వరుసలో నిలబడడం, దిగాక మళ్లీ గేటు చేరడం అందులో లేవు. రద్దీ విమానాశ్రయాల్లో వీటికి ఇంకో 20 నుంచి 35 నిమిషాలు. టికెట్ మీద కనిపించేది గేటు నుంచి గేటు దాకా పట్టే బ్లాక్ టైమ్. లెక్క సాధనం చెప్పేది రన్‌వే నుంచి రన్‌వే దాకా. రెంటినీ పక్కపక్కన పెట్టి ఏదో ఒకటి తప్పంటే ఎలా?

ఏటికి ఎదురీత

పడవకి ఏరు ఎలాగో విమానానికి గాలి అలాగ. ఇంజన్లు ఇచ్చే వేగం గాలితో పోల్చి. ఆ గాలే కదులుతుంటే నేల మీద కొలిచే వేగం మారిపోతుంది. రెండు అర్ధగోళాల్లోనూ 30 నుంచి 60 డిగ్రీల అక్షాంశాల మధ్య పైగాలి ప్రధానంగా పడమటి నుంచి తూర్పుకి వీస్తుంది. అందులో జెట్ స్ట్రీమ్ అనే ఇరుకైన, వేగమైన గాలి పాయలు చలికాలంలో గంటకు 300 కి.మీ. దాటే రోజులుంటాయి.

సిడ్నీ–జొహానెస్‌బర్గ్ దారిలో సగటున గంటకు 80 కి.మీ. గాలి ఉందనుకుందాం. పడమరకి వెళ్లేటప్పుడు నేల వేగం 820, ప్రయాణం 13 గంటల 28 నిమిషాలు. తిరిగొచ్చేటప్పుడు 980, ప్రయాణం 11 గంటల 16 నిమిషాలు. ఒక్కోదానికి అరగంట కలపండి: 14, పదకొండు ముప్పావు. విమాన సంస్థల కాలపట్టికలు చెప్పేదానికి ఇది చాలా దగ్గర. గాలి అనే ఒక్క అంకె చేర్చగానే లెక్క దారికొచ్చింది.

ఇక్కడ చాలామంది వేసే ప్రశ్న ఒకటుంది: పోయేటప్పుడు నష్టం, వచ్చేటప్పుడు లాభం, రెండూ కలిపితే చెల్లుకు చెల్లు కదా, సగటు చెబితే తప్పేముంది? చెల్లుకు చెల్లు కాదు. ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది, కలిసొచ్చే గాలిలో తక్కువసేపు. లండన్–న్యూయార్క్ 5,550 కి.మీ. మీద 150 కి.మీ. గాలి వేసి చూడండి. పడమరకి 7 గంటల 24 నిమిషాలు, తూర్పుకి 5 గంటల 17 నిమిషాలు, మొత్తం 12:41. గాలే లేకపోతే 12:20. ఆ 21 నిమిషాలు ఎటు తిరిగి ఎటు వచ్చినా వెనక్కి రావు. గాలి పెరిగినకొద్దీ నష్టం ఇంకా వేగంగా పెరుగుతుంది.

2020 ఫిబ్రవరిలో కియారా తుఫాను అట్లాంటిక్ మీద జెట్ స్ట్రీమ్‌ని ఉరకలెత్తించినప్పుడు బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేల వేగం ఒక దశలో గంటకు 1,327 కి.మీ. నేలమట్టంలో ధ్వని వేగం 1,225 కనుక ఆ విమానం ధ్వనిని మించిందని కొందరు సంబరపడ్డారు. మించలేదు. తన చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది రోజూ పోయే వేగంలోనే పోయింది. గాలే దాన్ని మోసుకెళ్లింది. ఆ రాత్రి కూడా రెండు నగరాల మధ్య దూరం అదే 5,550.

పొడవైన దారే దగ్గర దారి

గ్రేట్ సర్కిల్ గీత మీద విమానం వెళ్లడం అరుదు. ఏ గాలికా దారి. సిడ్నీ ఉదాహరణకే వద్దాం. నేరు దారిలో ఆ రోజు 150 కి.మీ. ఎదురుగాలి ఉంటే నేల వేగం 750, ప్రయాణం 14 గంటల 43 నిమిషాలు. పక్కకి తప్పుకుని 400 కి.మీ. చుట్టు తిరిగితే ఎదురుగాలి 80కి తగ్గుతుందనుకోండి: 11,440ని 820తో భాగిస్తే 13 గంటల 57 నిమిషాలు. కిలోమీటర్లు పెరిగాయి, 46 నిమిషాలు తగ్గాయి. రెండింజన్ల పెద్ద విమానం గంటకు 6 నుంచి 8 టన్నుల ఇంధనం తాగుతుంది కాబట్టి ఇది అయిదు టన్నుల మాట. విమాన సంస్థలో దారి, ఇంధనం లెక్కలు చూసే డిస్పాచర్ ఏ దారి ఎంచుకుంటాడో వేరే చెప్పక్కర్లేదు. ఫ్లైట్ ప్లాన్‌లో నేల మీది దూరంతో పాటు గాలిలో దూరం అని మరో అంకె ఉంటుంది. ఎంత గాలిని కోసుకుంటూ పోవాలో అది చెబుతుంది. ఇంధనం లెక్క దాని మీదే.

ఉత్తర అట్లాంటిక్ మీద ఈ పని వ్యవస్థగానే సాగుతుంది. కెనడాలోని గాండర్, ఇవతలి వైపు బ్రిటన్–ఐర్లాండ్‌ల షాన్‌విక్ నియంత్రణ కేంద్రాలు రోజుకి రెండుసార్లు ఆనాటి గాలిని బట్టి సమాంతర దారులు ప్రకటిస్తాయి. పగలు పడమరకి, రాత్రి తూర్పుకి. నిన్నటి దారి ఇవాళ ఉండకపోవచ్చు.

గాలి ఒక్కటే కాదు. ఉత్తర ధ్రువం దగ్గరి దారుల్లో రెక్కల్లోని ఇంధనం చల్లబడడం కూడా ఒక లెక్క. విమాన ఇంధనాల్లో ‘జెట్–ఏ’ అనేది మైనస్ 40 దగ్గర, ‘జెట్–ఏ1’ అనేది మైనస్ 47 దగ్గర గడ్డకడతాయి. ఇంధనం ఆ హద్దుకి దగ్గరపడుతుంటే పైలట్ కిందికి దిగి వెచ్చని గాలి వెతుక్కోవాలి, లేదా వేగం పెంచాలి. రెండింటికీ ఇంధనం ఖర్చు. అందుకే మ్యాపులో దగ్గరగా కనిపించిన దారి ఒక్కోసారి ప్లానింగ్ బల్ల దగ్గరే తిరస్కరణకి గురవుతుంది.

ఒక ఇంజన్ ఆగిపోతే ఎక్కడ దిగాలన్నది రెండింజన్ల విమానాలకి మరో కట్టుబాటు. 1953లో అమెరికా నియమం ప్రకారం అలాంటి విమానం ఏదో ఒక విమానాశ్రయానికి 60 నిమిషాల దూరం దాటి పోకూడదు. 1985లో అది 120 నిమిషాలైంది, 1988లో 180. 777కి 2011లో 330 నిమిషాల అనుమతి వచ్చింది, ఏ350కి 2014లో 370 దాకా. దక్షిణ హిందూ మహాసముద్రం లాంటి ఖాళీ చోట చాలాకాలం నాలుగింజన్ల 747లే నేరుగా వెళ్లడానికి ఇదో కారణం. నాకు నచ్చే సంగతి ఏమిటంటే, ప్రాణాలకి సంబంధించిన ఈ నియమం రాసినవాళ్లు కూడా దూరాన్ని కిలోమీటర్లలో చెప్పలేదు, నిమిషాల్లోనే చెప్పారు.

ఆ సముద్రం మీదే 2025 జనవరిలో ఇంకో వింత. స్పేస్‌ఎక్స్ రాకెట్ శకలాలు దక్షిణ హిందూ మహాసముద్రంలో పడే అవకాశం ఉందని ఆస్ట్రేలియా సంస్థ క్వాంటాస్ తన జొహానెస్‌బర్గ్ విమానాలు కొన్నిటిని ఆలస్యంగా బయల్దేరదీసింది. ఏ సూత్రంలో పెడతాం దీన్ని?

గీత మారలేదు, గంటలు మారాయి

ఇదంతా గాలి, వాతావరణం సంగతి, ఏడాది సగటు తీస్తే సర్దుకుంటుందనేవాళ్లకి హెల్సింకి–టోక్యో చూపిస్తాను. గ్రేట్ సర్కిల్ మీద దూరం 7,800 కి.మీ. పైచిలుకు, తొమ్మిది, తొమ్మిదిన్నర గంటల ప్రయాణం. ఫిన్లాండ్ సంస్థ ఫిన్‌ఎయిర్ తన వ్యాపారాన్ని ఈ దగ్గరితనం మీదే కట్టుకుంది. 2022 ఫిబ్రవరి తర్వాత రష్యా గగనతలం మూతపడింది. ఇప్పుడు అదే ప్రయాణం సుమారు 13 గంటలు. ఉత్తర ధ్రువం మీదుగానో, దక్షిణంగా మధ్య ఆసియా మీదుగానో చుట్టు తిరగాలి. లెక్క సాధనం మాత్రం ఇప్పటికీ తొమ్మిది గంటల పది నిమిషాలే చెబుతుంది.

ఇది కొత్తేమీ కాదు. 1957లో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ కోపెన్‌హాగన్ నుంచి టోక్యోకి సోవియట్ గగనతలం తప్పించి, ధ్రువం మీదుగా, అలాస్కాలోని యాంకరేజ్‌లో ఆగి వెళ్లింది. మధ్యలో కొన్ని దశాబ్దాలు తెరిచిన తలుపు మళ్లీ మూసుకుంది.

పైగా ఇప్పుడు అందరికీ మూసుకోలేదు. చైనా సంస్థలు యూరప్‌కి రష్యా మీదుగానే ఎగురుతున్నాయి, యూరప్ సంస్థలు ఎగరలేవు. అవే రెండు విమానాశ్రయాలు, అదే రోజు, అదే రకం విమానం. తోక మీద రంగుని బట్టి సమయం గంటకి పైగా మారుతుంది. సమయం విమానాశ్రయాల జంటకే కాదు, ఎవరి విమానమన్నదానికీ కట్టుబడి ఉంటుంది.

కిలోమీటరు పక్షాన నాలుగు మాటలు

ఇంత తిట్టాక న్యాయంగా ఒప్పుకోవలసినవి ఉన్నాయి. మారని అంకె కావాల్సిన చోట్లు ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ 261/2004 నిబంధన ప్రకారం విమానం రద్దయితే ఇచ్చే పరిహారం 250, 400, 600 యూరోల మెట్లలో ఉంటుంది. ఆ మెట్లు 1,500, 3,500 కి.మీ. హద్దుల మీద నడుస్తాయి, దూరం గ్రేట్ సర్కిల్ పద్ధతిలోనే కొలవాలని నిబంధనే చెబుతుంది. అక్కడ గాలి లెక్క తెస్తే ప్రతి ఫిర్యాదూ ఓ తగవే.

కర్బన ఉద్గారాల లెక్కలూ కిలోమీటర్ల మీదే నడుస్తాయి. కానీ గమనించండి, ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) పద్ధతి ఆ దూరాన్ని ఉన్నదున్నట్టు వాడదు. 550 కి.మీ. లోపైతే 50, 5,500 దాకా 100, ఆపైన 125 కి.మీ. కలుపుతుంది. గీత మీద ఎవరూ ఎగరరని లెక్క రాసినవాళ్లకి తెలుసు.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టే అభ్యంతరం వేరే. బ్లాక్ టైమ్ మాత్రం నిజమా? విమాన సంస్థలు దాన్ని కావాలనే పెంచి రాస్తాయి. అమెరికా రవాణా శాఖ లెక్కలో 15 నిమిషాల లోపు ఆలస్యం ఆలస్యమే కాదు. దానికి తోడు పట్టికలో ఇరవై నిమిషాలు ముందే కలిపేస్తే సమయపాలన అంకెలు తళతళలాడతాయి. అరగంట ముందే దిగి, గేటు ఖాళీ లేక ఆ అరగంటా టాక్సీవే మీద నిలబడడం ఇందుకే. కాబట్టి బ్లాక్ టైమ్ భౌతిక సత్యం కాదు, ఒక సంస్థ చేసిన వాగ్దానం, అదీ తన వైపు కాస్త మొగ్గు చూపుకున్న వాగ్దానం. అయినా నేను దాన్నే ఎంచుకుంటాను. అందులో గాలి, చుట్టుదారి, రన్‌వే వరుస అన్నీ గత అనుభవం నుంచి కలిసి ఉంటాయి. భాగహారంలో అవేవీ లేవు.

గడియారాల తికమక

బ్లాక్ టైమ్ చూడబోయి చాలామంది ఇక్కడ బోల్తా పడతారు, ఎందుకంటే టికెట్ మీద ఉండే బయల్దేరే వేళ, చేరే వేళ రెండు ఊళ్ల గడియారాలవి. దోహా–ఆక్లండ్ తీసుకోండి, 14,535 కి.మీ. దోహాలో తెల్లవారుజామున 2కి బయల్దేరి 16 గంటల తర్వాత దిగితే, న్యూజిలాండ్ వేసవిలో అక్కడి గడియారం మర్నాడు 4 చూపిస్తుంది. తీసివేస్తే 26 గంటలు. ఆక్లండ్‌లో మధ్యాహ్నం 3కి బయల్దేరి ఎదురుగాలిలో పదిహేడున్నర గంటలు ఎగిరితే దోహాలో అదే రోజు రాత్రి పదిన్నర. తీసివేస్తే ఏడున్నర.

రెండు చివరలనీ యూటీసీకి, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయానికి మార్చి తీసివేయడం సరైన పద్ధతి. దోహా ఎప్పుడూ +3. ఆక్లండ్ +12, సెప్టెంబరు చివరి నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా +13. ఆ ఒక్క గంట మరిచిపోతే విమానం ఏప్రిల్‌లో ఉన్నట్టుండి వేగం మార్చుకున్నట్టు కనిపిస్తుంది.

యూటీసీ జోలికి పోకుండా ఓ చిట్కా ఉంది. రాను పోను కనిపించే సమయాలు రెండూ కూడండి: 26, ఏడున్నర కలిపి 33 గంటల 30 నిమిషాలు. అసలు సమయాలు 16, పదిహేడున్నర కలిపినా అంతే. గడియారాల తేడా ఒకసారి కలిసి, ఒకసారి తీసివేతకి గురై ఎగిరిపోతుంది. రెండు ప్రయాణాలూ ఒకే రుతువులో ఉంటే చాలు. ఏ వైపు ఎంతన్నది మాత్రం ఇది చెప్పదు.

మరి లెక్క వేసుకోవాలంటే

పట్టిక దొరకని జంటకి చేతిలెక్క వేసుకోవలసి వస్తే గ్రేట్ సర్కిల్ దూరంతో మొదలుపెట్టడంలో తప్పు లేదు. దానికి 3 నుంచి 5 శాతం చుట్టుదారి కలపండి. నడుమ మూసిన గగనతలం ఉంటే శాతాలు పని చేయవు, దాన్ని తప్పించే ఊళ్ల మీదుగా ముక్కలుగా కొలిచి కూడాల్సిందే. చిన్న విమానమైతే 830, పెద్దదైతే 900 తీసుకోండి. తర్వాత గాలి. దారి ఎక్కువ భాగం 30–60 డిగ్రీల మధ్య తూర్పు–పడమరలుగా ఉంటే వేసవిలో 50, చలికాలంలో 100 కి.మీ. పడమరకి తీసివేయండి, తూర్పుకి కలపండి. ఉత్తర దక్షిణాలుగా పోయే దారికి, భూమధ్యరేఖ చుట్టుపక్కల దారికి గాలిని దాదాపు వదిలేయవచ్చు. చివర గేటు నుంచి గేటుకి అని 55 నిమిషాలు.

మధ్యలో ఒకచోట దిగి మారాల్సి వస్తే కిలోమీటర్లు పెద్దగా పెరగకపోవచ్చు, గంటలు పెరుగుతాయి. ఆ 55 నిమిషాలు రెండుసార్లు పడతాయి, నేల మీద నిరీక్షణ వేరు. కనీస మార్పిడి సమయం అని విమానాశ్రయం రాసేది అన్నీ సజావుగా జరిగినప్పటి మాట. విమానం తలుపులు బయల్దేరే వేళకి పది పదిహేను నిమిషాల ముందే మూసేస్తారు కాబట్టి చేతిలో ఉన్నట్టు కనిపించే సమయంలోంచి అంత తీసేసి చూసుకోవాలి.

పట్టిక దొరికే జంటకైతే ఇదంతా అనవసరం. ఆ విమానం గత రెండు వారాల్లో నిజంగా ఎంతసేపు ఎగిరిందో విమానాల జాడ చూపే సాధనాల్లో ఉంటుంది. అతి తక్కువ, అతి ఎక్కువ తీసుకోండి. చూస్తున్నది ప్రయాణం చేయబోయే రుతువుదో కాదో గమనించండి. కాలపట్టికలు మార్చి చివరి ఆదివారం ఒకసారి, అక్టోబరు చివరి ఆదివారం ఒకసారి మారతాయి, బ్లాక్ టైములూ వాటితోనే మారతాయి.

లెక్క సాధనాలు తయారుచేసేవాళ్లు ఒక్క భాగహారం దగ్గర ఆగకుండా ఇంకో రెండు గడులు పెడితే చాలు. సిడ్నీ నుంచి జొహానెస్‌బర్గ్‌కి: పదమూడున్నర నుంచి పద్నాలుగున్నర గంటలు. జొహానెస్‌బర్గ్ నుంచి సిడ్నీకి: పదకొండుంబావు నుంచి పన్నెండు. దూరం 11,040 కి.మీ. కింద చిన్న అక్షరాల్లో ఉంటే ఉండనివ్వండి.